పద్నాలుగు టిక్కులు

గోడకి తగిలి నేల మీద పడ్డ తాళాల గుత్తి దగ్గర కిందటివారం కథ ఆగింది కదా, అక్కడి నుంచే అందుకుంటాను.

ఆ గుత్తి మా హోమ్‌లో ఉండే తాళాలాయనది. పుట్టుకతోనే ఎదుగుదలలో లోపం ఉన్న పెద్దవాళ్లు పద్దెనిమిది మంది ఉండే చోటు మాది. నేను అక్కడ నర్సుని. తాళాలాయనకి నలభై మూడేళ్లు. చెవుల పక్కన జుట్టు నెరిసింది. మాట రాదు. ఎక్కడెక్కడో ఏరుకొచ్చిన తాళంచెవులు ఇరవై దాకా ఒక ఇనుప రింగుకి గుచ్చుకుని తిరుగుతాడు. స్నానానికి వెళ్లినా ఆ గుత్తి వదలడు. అలాంటి మనిషి ఆ శుక్రవారం మధ్యాహ్నం భోజనం పళ్లెం పక్కకి తోసేసి, గుత్తిని గోడకేసి విసిరి, రెండు చేతులతో తన దవడలు తనే వాయించుకోవడం మొదలుపెట్టాడు. మేనేజరుగారు చూసి మారాం అన్నారు. గురువారాలు వచ్చి చూసిపోయే డాక్టరు ఫోన్లోనే ఇంకో మత్తుమాత్ర వెయ్యమన్నాడు. నేను మాత్ర పట్టుకుని దగ్గరికి వెళ్లి, ఏ బుద్ధి పుట్టిందో, అతని చొక్కా ఎత్తి చూశాను. పొట్ట ఉబ్బి, చర్మం బిగుసుకుపోయి నిగనిగలాడుతోంది. మాత్ర కిటికీలోంచి పారేసి అంబులెన్సుకి ఫోన్ చేశాను.

ఈ ముక్క చదివి ఎవరైనా నన్ను మెచ్చుకుంటుంటే, దయచేసి ఆ మెప్పు వెనక్కి తీసుకోండి. ఈ వారం చదివాక ఎలాగూ తీసుకుంటారు.

* * *

ఆస్పత్రి అత్యవసర విభాగంలో మాకు నాలుగో మంచం ఇచ్చారు. పక్క మంచానికీ మాకూ మధ్య ఆకుపచ్చ తెర ఉంది కానీ దాని కొక్కేలు సగం ఊడిపోయి ఒక మూల కిందికి వేలాడుతోంది. ఆ సందులోంచి పక్క మంచం తాలూకు చుట్టాలు మమ్మల్ని తీరిగ్గా చూస్తున్నారు. మా వాళ్లతో బయటికి వెళ్తే ఇది మామూలే. చూసేవాళ్లకి టికెట్టు పెడితే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది.

తాళాలాయన మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని పక్కకి తిరిగి పడుకున్నాడు. ఎవరు చెయ్యి వేసినా విదిలించి కొడుతున్నాడు. పెద్దాయమ్మ అతని పాదాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. హోమ్‌లో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న ఆయా ఆవిడ. నాకంటే, మేనేజరుగారికంటే, గోడలకి వేసిన రంగుకంటే పాతది.

డ్యూటీ డాక్టరు చిన్నావిడ. ముప్పై కూడా ఉండవేమో, కళ్ల కింద మాత్రం యాభై ఏళ్ల నలుపు. స్టెతస్కోపు పెట్టబోతే తాళాలాయన చెయ్యి తగిలి ఆవిడ కళ్లజోడు ఎగిరి పడింది. ఆవిడ కోప్పడలేదు. కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుని, నర్సింగ్ బడిలో నాకు మొదటి వారం నేర్పిన ప్రశ్నే నన్ను అడిగింది. చివరిసారి మోషన్ ఎప్పుడైంది?

నా ఫైలు ఇచ్చాను. మనిషికొక ఫైలు, పదిహేను రోజులకొక కాగితం, రోజుకొక వరస. తిన్నది, తాగింది, నిద్ర, విరేచనం, అన్నిటికీ ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని గళ్లు. అయితే టిక్కు పెట్టాలి, కాకపోతే ఖాళీ వదలాలి. వరస చివర నా సంతకం. చూడగానే ఎవరికైనా ముచ్చటేసే కాగితం అది. ఎందుకు వెయ్యదు, గళ్లు కొట్టింది నేనే.

ఒకటో తారీఖు నుంచి పద్నాలుగు దాకా, విరేచనం గళ్లలో పద్నాలుగు టిక్కులు ఉన్నాయి.

డాక్టరు కాగితం చూసి నా వైపు చూసింది. రోజూ అవుతోందిగా సిస్టర్ అంది. ఆవిడ చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఇలా విదిలించే మనిషికి ఎక్స్‌రే తియ్యాలంటే పూర్తిగా మత్తు ఇవ్వాలి. ఇప్పటికే రోజుకి మూడు మత్తుమాత్రల మీద ఉన్న ఒంటికి ఇంకా మత్తు ఎక్కిస్తే ఊపిరికే ప్రమాదం. పేగు అడ్డుపడిందని అనుమానం ఉంటే ఆ ప్రమాదానికి తెగించవచ్చు. కానీ నిన్నటిదాకా రోజూ సుఖంగా అవుతున్న మనిషికి ఎందుకు తెగించాలి? గ్యాసు అయి ఉంటుంది, ఒక ఇంజెక్షన్ ఇస్తాను, తీసుకెళ్లండి, వాంతులైతే మళ్లీ తీసుకురండి, అంది. అని పక్క మంచం దగ్గరికి వెళ్లింది.

నేను ఆ కాగితం చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఏదో తేడాగా ఉంది. నా కంటికి కనిపిస్తోంది కానీ బుర్రకి ఎక్కడం లేదు. టిక్కులన్నీ మధ్యాహ్నం గడిలోనే ఉన్నాయి. ఒకదాని కింద ఒకటి, మిషను మీద కుట్టినట్టు, అణుమాత్రం పక్కకి జరగకుండా. ఒకే పెన్ను, ఒకే వాలు.

పదో తారీఖు ఆదివారం. ఆ మధ్యాహ్నం గడిలోనూ టిక్కు ఉంది.

పదో తారీఖు ఆదివారం మధ్యాహ్నం తాళాలాయన హోమ్‌లో లేడు. పొద్దున్న మొదటి బస్సుకి వాళ్లక్క వచ్చి తన ఇంటికి తీసుకెళ్లింది. సాయంత్రం ఆరింటికి తిరిగి దింపింది. గేటు దగ్గర లోపలికి తీసుకున్నది నేనే.

మనిషి లేని ఇంట్లో మనిషికి విరేచనం అయింది. దాని పక్కన నా సంతకం ఉంది.

* * *

పెద్దాయమ్మని తెర అవతలికి లాక్కెళ్లి కాగితం మొహం మీద పెట్టాను. నా గొంతు నేనే గుర్తు పట్టలేనట్టు లేచింది. ఇరవై రెండేళ్ల సర్వీసులో నేర్చుకున్నది ఇదేనా అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవన్నీ ఇక్కడ రాయను. ఆవిడ నీళ్లు నమల్లేదు, ఏడవలేదు. నేను ఆయాసంతో ఆగేదాకా ఆగి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"మీకు పాత నోటుపుస్తకం గుర్తుందా సిస్టరమ్మా?" అంది.

గుర్తుంది. మూడేళ్ల కిందటిదాకా ఆయాలు ఒక లావుపాటి నోటుబుక్కులో తమకి వచ్చినట్టు రాసేవాళ్లు. అక్షరాలు వంకర, తప్పులు కొల్లలు, పేజీలకి నూనె మరకలు. తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ఇదేం చరిత్ర అని నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ వారమే కూర్చుని గళ్ల కాగితం తయారుచేశాను. మరుసటి తనిఖీలో అదే అధికారి శభాష్ అన్నాడు. మేనేజరుగారు నాకు పెన్ను బహూకరించారు. సంతకాలన్నీ ఆ పెన్నుతోనే పెడుతున్నాను. సెలవు రోజులవి మర్నాడు వచ్చి పెట్టేదాన్ని. సాయంత్రం డ్యూటీ దిగేముందు పద్దెనిమిది కాగితాలూ బల్ల మీద వరసగా పరిచి, ఒక్క ఊపులో గీకేసి, బస్సు అందుకునేదాన్ని.

"ఆయన లోపల గడియ పెట్టుకుంటాడు," అంది పెద్దాయమ్మ. "తలుపుకి గడియ ఉంటే ఆయనకి ఎంత ఇష్టమో మీకు తెలుసు. లోపలేమైందో మనకి కనబడదు. పాత పుస్తకం ఉన్నప్పుడు రోజూ బయట నిలబడి, అయిందా నాయనా అని అడిగేదాన్ని. లోపల్నుంచి తాళాలు ఒకసారి ఆడిస్తే అవునన్నట్టు. రెండుసార్లు ఆడిస్తే లేదన్నట్టు. రెండు రోజులు వరసగా లేదంటే మీకు చెప్పేదాన్ని, మీరు మందు ఇచ్చేవాళ్లు. మీ కాగితంలో అడిగే గడి లేదమ్మా. ఖాళీ వదిలితే మేనేజరుగారు పిలిచి ఎందుకు ఖాళీ అని నిలబెడతారు. టిక్కు పెడితే ఎవరూ ఏమీ అడగరు. పద్దెనిమిది మందికి ఇద్దరం. భోజనాలయ్యాక కూర్చుని అందరివీ ఒకేసారి గీసేదాన్ని. మీరు గళ్లిచ్చారు, నేను నింపాను."

తాళాలు ఒకసారి ఆడిస్తే అవును, రెండుసార్లు ఆడిస్తే కాదు అన్న సంగతి నాకు ఈ నిమిషం దాకా తెలియదు. ఆరేళ్లుగా అతని ఒంటి వేడి, రక్తపోటు, బరువు అన్నీ నాకు తెలుసు. అతను మాట్లాడతాడని మాత్రం తెలియదు.

ఇంకోటి కూడా అప్పుడే తట్టింది. ఆ మత్తుమాత్రలు పేగు కదలికని మందగింపజేస్తాయి. ఏ నర్సుకైనా తెలిసిన సంగతే. ఈ నెలలో రెండుసార్లు మోతాదు పెంచినప్పుడు నేను ముందు చూసుకున్నది ఈ కాగితమే. టిక్కులు ఉన్నాయి కదా, పర్వాలేదనుకున్నాను. నొప్పితో కొట్టుకుంటున్న మనిషికి నొప్పిని పెంచే మాత్ర, రోజుకి మూడుసార్లు, నా చేత్తో వేశాను.

* * *

మేనేజరుగారు అప్పుడే వచ్చారు. ఆయన గొంతు గురించి చెప్పాలి. ఎప్పుడూ పెంచరు. తిట్టినా లాలిపాడినట్టే ఉంటుంది. ఆ గొంతు విని విరాళాలిచ్చేవాళ్లు కళ్లు తుడుచుకుంటారు.

విషయం చెప్పాను. కాగితం అబద్ధమని డాక్టరుకి చెప్పబోతున్నానని చెప్పాను. ఆయన నన్ను మంచినీళ్ల పంపు పక్కకి తీసుకెళ్లారు. వచ్చేవారం లైసెన్సు తనిఖీ ఉందని, అది నాకూ తెలుసని, ఇలాంటి కాగితం ఒక్కటి బయటికి వస్తే మిగతా పదిహేడు మందివీ తీస్తారని, అప్పుడు హోమ్ మూతపడుతుందని, పద్దెనిమిది మందినీ ఎవరు తీసుకుంటారో నన్నే చెప్పమని అడిగారు. అది బెదిరింపు అయితే నేను లెక్కచేసేదాన్ని కాదు. నిజం కాబట్టి భయం వేసింది. మా వాళ్లలో సగం మందికి వెళ్లడానికి ఇల్లు లేదు. మిగతా సగానికి ఇల్లుంది కానీ తలుపు తెరిచేవాళ్లు లేరు.

"కాగితం సంగతి ఎత్తకండమ్మా," అన్నారు. "రెండు రోజుల నుంచి కొంచెం తక్కువగా అవుతోందేమో అని నోటిమాటగా చెప్పండి. డాక్టరే చూసుకుంటుంది. మన పిల్లల కోసం ఆ మాత్రం సర్దుకోలేమా? ఆపైన, సంతకాలు మీవే కదా."

నాకు ఒళ్లు మండిపోయింది. సంతకాల మాటకి కాదు. అది నిజమే, దానికి నేను పడాల్సిందే. పిల్లలు అన్నందుకు మండింది. ఆ మాట నేనూ వెయ్యిసార్లు అని ఉంటాను, అందుకే ఇంకా మండింది.

"ఆయనకి నలభై మూడేళ్లు," అన్నాను. "మీకంటే రెండేళ్లు పెద్ద. మీకు కడుపులో నొప్పి వస్తే నొప్పి అంటారు. ఆయన్ని పిల్లాడన్నాం కాబట్టి మారాం అన్నాం. మారాం అన్నాం కాబట్టి మాత్ర వేశాం. ఇంకోసారి ఆ మాట నా ముందు అనకండి."

పంపు దగ్గర నీళ్లు పట్టుకుంటున్న ముసలాయన సీసా నిండి పొంగుతున్నా చూసుకోకుండా మమ్మల్నే చూస్తున్నాడు. మేనేజరుగారు ఆయనకి నమస్కారం పెట్టారు. ఆ మనిషికి ఎక్కడైనా నమస్కారం పెట్టడానికి ఒకరు దొరుకుతారు.

నేను నేరుగా డాక్టరు దగ్గరికి నడిచాను. ఆవిడ ఇంజెక్షన్ చీటీ రాస్తోంది. కాగితం ఆ చీటీ మీద పెట్టాను.

"ఇది అబద్ధం మేడమ్," అన్నాను. "ఈ టిక్కులు చూడకుండా పెట్టినవి. చూడకుండా సంతకం పెట్టింది నేను."

ఆవిడ పెన్ను ఆపింది. కాగితం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ నిద్రలో కనిపిస్తుంది. తిట్టి ఉంటే తేలికగా ఉండేది. ఆవిడకి తిట్టే తీరిక లేదు. అయితే నిజంగా ఎన్ని రోజులైంది అని మాత్రం అడిగింది. రెండు రోజులా, పది రోజులా? దాన్నిబట్టి తను చెయ్యాల్సింది మొత్తం మారిపోతుందంది.

నాకు తెలియదు. పెద్దాయమ్మకి తెలియదు. మేనేజరుగారికి తెలిసే ప్రసక్తే లేదు. ముగ్గురం ఒకరికేసి ఒకరం చూసుకున్నాం. ముగ్గురూ కలిసి అతన్ని చూసుకోవడానికి జీతాలు తీసుకునేవాళ్లం.

* * *

వాళ్లక్క అప్పుడొచ్చింది.

బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దర్జీ ఆవిడ. మెడలో కొలతల టేపు అలాగే ఉంది, జాకెట్టు భుజం మీద ఒక తెల్ల దారం ముక్క. యాభై దాటాయి. తల్లి పోయాక తమ్ముణ్ణి పదకొండేళ్లు ఒక్కతే సాకి, మోకాళ్లు అరిగిపోయి ఎత్తలేక మా దగ్గర చేర్చింది. మా హోమ్‌లో ఆవిడకి చీటీలక్క అని పేరు పెట్టాం. ఇంటికి తీసుకెళ్లి దింపిన ప్రతిసారీ తమ్ముడి గురించి ఒక చీటీ రాసి పంపుతుంది. గోళ్లు పొడుగ్గా ఉన్నాయి, ఆ నీలం చొక్కా మెడ దగ్గర గీరుకుంటోంది, ఇలాంటివి. స్టాఫు గదిలో ఆ పేరు చెప్పుకుని నవ్వుకునేవాళ్లం. పేరు పెట్టింది నేను.

ఆవిడ మా ఎవరి వైపూ చూడలేదు. తిన్నగా మంచం దగ్గరికి వెళ్లి తమ్ముడి నుదురు మీద చెయ్యి వేసింది. అతను విదిలించలేదు.

"తాళాలేవి?" అంది.

నా కోటు జేబులో ఉన్నాయి. గోడ దగ్గర పడ్డప్పుడు ఏరి వేసుకున్నాను, మళ్లీ గుర్తే లేదు. తీసి ఇచ్చాను. ఆవిడ గుత్తిని అతని అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. అతని భుజాలు కొంచెం కిందికి దిగడం మేమందరం చూశాం.

"చిన్నోడా, నిన్న వెళ్లావా?" అంది, రోడ్డు మీద ఎదురైన మనిషిని పలకరించినంత మామూలుగా. గుత్తి రెండుసార్లు ఆడింది. మొన్న బుధవారం? రెండుసార్లు. మంగళవారం? రెండుసార్లు. ఆవిడ ఒక్కొక్క రోజూ పేరుపెట్టి వెనక్కి వెళ్తోంది, అతను కళ్లు మూసుకుని, చెమటలు కక్కుతూ, జవాబు చెబుతున్నాడు. డాక్టరు పెన్ను మూత పెట్టి దగ్గరికొచ్చి నిలబడింది. ఆదివారం మా ఇంట్లో ఉన్నప్పుడు అవలేదు, నాకు తెలుసు, అంది అక్క. శనివారం? రెండుసార్లు. శుక్రవారం, గురువారం, బుధవారం, రెండేసి సార్లు. దాని ముందు మంగళవారం? గుత్తి ఒక్కసారి ఆడి ఆగింది.

పది రోజులు.

డాక్టరు ఇక ఎవరినీ ఏమీ అడగలేదు. తోపుడు మంచం తెప్పించింది. మత్తు అక్కర్లేకుండానే ఎక్స్‌రే తీశారు. అక్క బయటి గాజు అద్దం దగ్గర నిలబడి చూస్తుంటే, చేతిలో తాళాలు పట్టుకుని అతను కదలకుండా పడుకున్నాడు. మనం మత్తులో పెట్టాలనుకున్న మనిషికి కావలసింది ఒక గుత్తి, ఒక మనిషి. ఫిల్ము చూసి సర్జన్‌ని పిలిచారు. పేగు పూర్తిగా మూసుకుపోయింది, ఇంకో పూట ఆగితే చిల్లు పడేది, ఇప్పుడే కొయ్యాలి అన్నారు. బతుకుతాడా అని అక్క అడిగితే, చూద్దాం అన్నాడు సర్జన్.

ఆపరేషన్ గది తలుపు దగ్గర అతని చేతిలోంచి తాళాలు తీసేశారు. అక్క చేతికిచ్చారు. తలుపు మూసుకుంది.

నేను అక్కడినుంచి మెల్లగా తప్పుకుందామనుకున్నాను. నా ధైర్యం అంతవరకే. కానీ అక్క మాట్లాడుతోంది, డాక్టరుతో.

"ఇదంతా ఆదివారమే రాసి పంపానమ్మా. మంగళవారం నుంచీ లేదు, పొట్ట గట్టిగా ఉంది, వెంటనే డాక్టరుకి చూపించండి అని రాశాను. ఎప్పట్లాగే మడతలు విప్పుకోకుండా గుండుసూది గుచ్చి చొక్కా జేబులో పెట్టాను. ఈవిడే తీసుకున్నారు గేటు దగ్గర."

డాక్టరు నా వైపు తిరిగింది. నేను ఫైలు వైపు చూశాను. చూడకుండా ఉండాల్సింది. ఆవిడ నా చూపు పట్టుకుని ఫైలు తెరిచి, వెనక అట్టకున్న సంచిలో చెయ్యి పెట్టింది.

పదకొండు చీటీలు వచ్చాయి. నాలుగు మడతలు పెట్టిన రూళ్ల కాగితాలు. ప్రతిదానికీ ఒక గుండుసూది గుచ్చి ఉంది. దర్జీ గుచ్చిన సూది, మడతలన్నీ కలిపి, లోపలికీ బయటికీ రెండుసార్లు. తియ్యకుండా చదవడం కుదరదు. ఒక్కటీ తీసి లేదు.

మొదటి రెండేళ్లు అన్నీ చదివాను. నిజం. తర్వాత కొన్నేళ్లు పైపైన చదివాను. నాలుగు నెలల నుంచి తీరిక ఉన్నప్పుడు చూద్దామని ఆ సంచిలో వేస్తున్నాను. గళ్ల కాగితం ఉండగా చీటీలెందుకు? ఇవన్నీ అక్కకి చెప్పబోయాను.

అక్క చీటీలు తన చేతిలోకి తీసుకుంది. ఒకటి, రెండు, మూడు అని సూదులు చూసుకుంటూ పోయింది. ఆవిడ మొహంలోకి కోపం రావడం నేను అప్పుడు చూశాను. ఆరేళ్లుగా మీరు, సిస్టర్ గారూ అని తప్ప మాట్లాడని మనిషి.

"వాడికి మాట రాదు, నాకు వచ్చు అనుకున్నాను," అంది. "మా ఇద్దరికీ రాదన్నమాట. కూర్చో. వాడు బయటికొచ్చేలోపు ఇవన్నీ నువ్వు చదువు. పైకి చదువు. నేను వింటాను."

కూర్చున్నాను. ఆవిడ చీటీలు పాతవి ముందు వచ్చేట్టు సర్ది నా ఒళ్లో పెట్టింది. పెద్దాయమ్మ గోడకి ఆనుకుని నిలబడింది. మేనేజరుగారు గోడ మీది బోర్డు శ్రద్ధగా చదువుతున్నారు, పాదరక్షలు బయట వదలమని దాని మీద ఉంది.

మొదటి సూది తీశాను. వేలికి గుచ్చుకుంది. నాలుగు నెలల కిందటి తారీఖు. పైకి చదివాను.

"సిస్టర్ గారికి. తమ్ముడి గుత్తిలో కొత్తగా ఒక తాళంచెవి కనబడింది. మిగతావన్నీ తుప్పువి, ఇది ఇత్తడిది, పనిచేసేదే. ఇది ఏ గదిది అని అడిగితే మంచం కిందికి దూరి చెవులు మూసుకున్నాడు. ఆ గదిలో నిన్ను పెడుతున్నారా అని అడిగాను. ఒకసారి ఆడించాడు. రోజూనా అంటే మళ్లీ ఒకసారి ఆడించాడు. హోమ్‌లో ఏ గది తాళంచెవి పోయిందో దయచేసి కనుక్కోండి."

నాకు కనుక్కోవలసిన పని లేదు. నాలుగు నెలల కిందట మెట్ల కింది గది తాళంచెవి పోయిందని మేనేజరుగారు కొత్త తాళం కొన్నారు. దాంట్లో పాత పరుపులు తప్ప ఏమీ లేవని, దాని వైపు ఎవరూ వెళ్లక్కర్లేదని ఆయనే చెప్పారు. నేను వెళ్లలేదు. పెద్దాయమ్మ వైపు చూశాను. ఆవిడ నేల చూపులు చూస్తోంది.

అక్క ఒళ్లోని గుత్తి ఎత్తి ఒక్కొక్క తాళంచెవే వేలితో జరిపింది. తుప్పువి, తుప్పువి, తర్వాత పచ్చగా ఒకటి.

మేనేజరుగారు బోర్డు చదవడం మానేసి మా దగ్గరికొచ్చారు. చెయ్యి చాపారు. గొంతు అదే, లాలిపాట గొంతు.

"అవి హోమ్ తాళాలమ్మా. ఇలా ఇవ్వండి."

అక్క తలెత్తి ఆయన్ని చూసింది. గుత్తిని ఆయన మొహం ముందు పైకెత్తి, మెల్లగా, రెండుసార్లు ఆడించింది.